పడమటి గోడ: యూదులు ఆ రాళ్ల ముందు ఎందుకు నిలబడతారు?

పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్లి వచ్చిన విశ్వాసుల ఇంట్లో ఒక ఫోటో తప్పకుండా కనబడుతుంది. పెద్ద పెద్ద రాళ్ల గోడ, దానికి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్న మన సహోదరుడు, నెత్తిమీద చిన్న టోపీ. "ఇదేనండీ ఏడ్పు గోడ" అని చూపిస్తారు. ఆ వెంటనే వినబడే మాటలు కూడా దాదాపు ఒకటే. సొలొమోను కట్టిన దేవాలయంలో మిగిలిన గోడ ఇది అని ఒకరు. యూదులు మెస్సీయను కాదన్నారు గనుక అక్కడ ఇంకా ఏడుస్తున్నారని మరొకరు. ఆ రాళ్ల సందుల్లో చీటీ పెడితే జరగని కార్యం లేదని ఇంకొకరు. ఈ మూడు మాటలూ ప్రసంగ వేదికల మీద కూడా విన్నాం. మూడూ సరైనవి కావు.

దీని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నా, చివరకు మమ్మల్ని కూర్చోబెట్టి రాయించింది ఒక యువకుడి ప్రశ్న. మార్కు సువార్త 13వ అధ్యాయం ధ్యానిస్తున్న బైబిలు తరగతిలో అతడు లేచి, "అయ్యగారూ, దేవాలయమంతా కూలిపోతుందని, రాళ్లు ఒకదానిమీద ఒకటి ఉండవని ప్రభువు చెప్పాడు గదా, మరి ఆ గోడ ఎలా మిగిలింది?" అని అడిగాడు. "దాన్ని ఆత్మీయ అర్థంలో తీసుకోవాలి" అని ఏదో చెప్పి ఆ పూటకు గట్టెక్కాం. అతడు కూర్చున్నాడు గాని, మా జవాబు అతనికి ఆనలేదని ముఖం చూస్తేనే తెలిసింది. మాకూ ఆనలేదు. ప్రభువు మాట నిజమా కాదా అన్న అనుమానం ఒక పిల్లవాడి మనసులో పడితే దాన్ని అలా వదిలేయడం కాపరి పని కాదు. కాబట్టి మొదట ఆ గోడ సంగతి, తర్వాత దాని ముందు నిలబడే ప్రజల సంగతి చెప్పుకుందాం.

కొండను పట్టి నిలబెట్టిన గోడ

సొలొమోను మందిరాన్ని మోరీయా కొండ మీద కట్టాడని 2 దినవృత్తాంతములు 3:1 చెబుతోంది. అంతకు ముందు అది యెబూసీయుడైన ఒర్నాను కళ్లం, అంటే ధాన్యం తూర్పారబట్టడానికి గాలి బాగా తగిలే ఎత్తు చోటు. దావీదు దాన్ని ఊరికే తీసుకోకుండా పూర్తి వెల ఇచ్చి కొన్నాడు. అబ్రాహాము ఇస్సాకును వెంటబెట్టుకొని వెళ్లింది కూడా ఈ కొండకేనని యూదుల విశ్వాసం. సొలొమోను మందిరాన్ని క్రీ.పూ. 586లో బబులోను సేనలు కాల్చివేశాయి. చెరనుండి తిరిగి వచ్చినవారు జెరుబ్బాబెలు కాలంలో కట్టిన రెండవ మందిరం క్రీ.పూ. 516 ప్రాంతంలో పూర్తయింది. మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివారు దీని పునాది పడుతుంటే బిగ్గరగా ఏడ్చారని ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయంలో చదువుతాం. ఆ కొండ మీద ఏడ్పు ఈనాటిది కాదు.

ఇప్పుడు మనం చూసే గోడ ఆ ఇద్దరిలో ఎవరూ కట్టించినది కాదు. అది హేరోదు పని. బేత్లెహేము పసిబిడ్డలను చంపించిన ఆ హేరోదే. క్రీ.పూ. 20 ప్రాంతంలో అతడు మందిరాన్ని తిరిగి గొప్పగా కట్టించడం మొదలుపెట్టాడు. కొండ శిఖరం ఇరుకు. అతడికి కావలసిన ఆవరణాలు, మంటపాలు విశాలం. అందుకని కొండ చుట్టూ నాలుగు వైపులా బ్రహ్మాండమైన గోడలు లేపి, లోపల కొంత మట్టితో పూడ్చి, కొంత కమానుల మీద నిలబెట్టి, పైన సుమారు 35 ఎకరాల చదును నేల సంపాదించాడు. మన ఊళ్లలో ఎత్తుపల్లాల స్థలంలో ఇల్లు కట్టేవాడు ముందు చుట్టూ రాతికట్టు కట్టి మట్టి పోయించడం చూస్తూనే ఉంటాం. పద్ధతి అదే, పరిమాణం వేరు. మందిరం ఆ చదును మధ్యలో ఉండేది. గోడ పని మందిరాన్ని మోయడం కాదు, కొండ చుట్టూ పోసిన మట్టి జారకుండా పట్టి ఉంచడం.

పడమటి వైపు ఈ గోడ పొడవు మొత్తం 488 మీటర్లు. ఫోటోల్లో కనబడే ప్రార్థనా స్థలం అందులో సుమారు 57 మీటర్లే. మిగిలిన భాగంలో చాలామటుకు ఇళ్ల వెనుక, భూమి అడుగున దాగి ఉంది. మనం నిలబడే నేలనుంచి పైకి 19 మీటర్ల గోడ కనిపిస్తుంది. కాళ్ల కింద ఇంకా 17 వరుసల రాళ్లు పాతుకొని ఉన్నాయి. కనిపించే దాంట్లో కూడా కింది 7 వరుసలే హేరోదు కాలానివి. ఆ పైవి తరువాతి ముస్లిం పాలకుల కాలాల్లో చేర్చినవి. తేడా కనిపెట్టడం కష్టం కాదు: హేరోదు రాళ్లకు నాలుగు అంచులా పలకలాగా సన్నని పట్టీ చెక్కి ఉంటుంది. వాటి మధ్య సున్నం లేదు, బంక లేదు. ఒక్కొక్క వరుస కింది వరుసకన్నా కొద్దిగా లోపలికి జరిపి పేర్చారు. గోడ వెంట ఉన్న సొరంగంలో ఒకే ఒక్క రాయి 13.6 మీటర్ల పొడవుంది. దాని బరువు మీద నిపుణుల అంచనాలు కలవవు గాని, తక్కువ చెప్పేవారు కూడా 250 టన్నులకు దిగరు.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే సువార్త చదివేవారికి ఇది ఎంతో ఇష్టంగా ఉంటుంది. 2011లో గోడ నైరుతి మూల అడుగున పురావస్తు శాఖవారు కొన్ని నాణేలు కనుగొన్నారు. అవి వలేరియస్ గ్రాటస్ అనే రోమా అధిపతి క్రీ.శ. 17-18లో వేయించినవి. పిలాతుకు ముందు యూదయను ఏలినవాడు అతడే. హేరోదు క్రీ.పూ. 4లోనే చనిపోయాడు. అంటే అతడు పోయి ఇరవై ఏళ్లు గడిచినా గోడలో ఆ మూల ఇంకా లేవనే లేదన్నమాట! యోహాను సువార్త 2:20లో యూదులు నలభై ఆరేళ్ల కట్టడం గురించి ప్రభువుతో వాదించడం గుర్తుందా? ప్రభువు ఆ వీధుల్లో నడిచిన రోజుల్లో అక్కడ ఉలి చప్పుడు ఆగలేదు. పని చివరకు క్రీ.శ. 60 తర్వాతే ముగిసిందనీ, అప్పుడు 18,000 మందికి పైగా పనివారు ఉపాధి కోల్పోయారనీ జోసీఫస్ రాశాడు. పూర్తయిన పదేళ్లలోపే అంతా బూడిదయింది.

రాయి మీద రాయి

క్రీ.శ. 70లో తీతు నాయకత్వంలో రోమా సైన్యం మందిరాన్ని తగలబెట్టింది. ఆ యువకుడి ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. మత్తయి 24:1 జాగ్రత్తగా చదవండి. శిష్యులు ప్రభువుకు చూపించింది దేవాలయపు కట్టడాలను. అతి పరిశుద్ధ స్థలం, పరిశుద్ధ స్థలం, బలిపీఠం, స్త్రీల ఆవరణం, చుట్టూ స్తంభాల మంటపాలు, దక్షిణాన హేరోదు కట్టించిన రాచమంటపం. వీటిలో ఆ చదును మీద నేడు నిలబడి ఉన్నది ఒక్కటీ లేదు. అక్కడిప్పుడు క్రీ.శ. 691-92 నాటి బంగారు గుమ్మటపు కట్టడం, అల్ అక్సా మసీదు ఉన్నాయి. మిగిలిన పడమటి గోడ మందిరంలో భాగం కాదు, కొండకు పెట్టిన కట్టు.

కావాలంటే ఆ మాట నెరవేరిన తీరు కంటితో కూడా చూడవచ్చు. 1968లో బెంజమిన్ మజార్ ఆధ్వర్యంలో మొదలైన తవ్వకాలు, వాటి తర్వాత జరిగినవి, గోడ నైరుతి మూల దగ్గర ఆనాటి రాతి వీధిని బయటపెట్టాయి. పైనుంచి రోమీయులు పడదోసిన రాళ్లు ఆ వీధి మీద పడినవి పడినట్టే కుప్పగా ఉన్నాయి. ఆ బరువుకు కింద పరచిన బండలు కుంగిపోయి పగిలాయి. అక్కడే, మందిరపు మూలనుంచి పడిన ఒక రాయి దొరికింది; దానిమీద అది బూర ఊదే చోటికి సంబంధించినదని హెబ్రీలో చెక్కి ఉంది. సబ్బాతు ప్రవేశిస్తున్నదని పట్టణానికి తెలపడానికి యాజకుడు నిలబడి బూర ఊదిన చోటు అది. యాత్రా బృందాలు గోడ దగ్గర ఫోటోలు దిగి బస్సెక్కేస్తాయి. నూరు గజాల దూరంలో ఉన్న ఈ రాళ్ల కుప్ప దగ్గరికి తీసుకెళ్లమని మీ గైడును తప్పక అడగండి.

లూకా 19:44లో ప్రభువు పట్టణం మొత్తం గురించి కూడా అలాగే చెప్పాడు గదా అని మరొకరు అడగవచ్చు. నిజమే. పట్టణం నేలమట్టమైంది, అయితే మూడు బురుజులను, పడమటి ప్రాకారంలో కొంత భాగాన్ని తీతు కావాలనే ఉంచాడని జోసీఫస్ చెబుతాడు. ప్రవక్తల మాట టేపు పట్టి కొలిచే మాట కాదు. ఊరు ఊడ్చిపెట్టుకుపోయిందని మనమూ అంటాం, ఒక మూల రెండు గోడలు మిగిలి ఉన్నా. ఈ రెండవ జవాబు మొదటిదాని అవసరం తీర్చదు, కాని దానికి తోడుగా ఉండాలి.

పడమర ఎందుకు?

కొండకు నాలుగు వైపులా గోడలున్నప్పుడు పడమటి గోడే ఎందుకు? మందిరం ముఖం తూర్పుకు. ద్వారం తూర్పున, అతి పరిశుద్ధ స్థలం పడమటి కొసన ఉండేవి. యెహెజ్కేలు 8:16లో ఇరవై ఐదుగురు మనుష్యులు మందిరానికి వీపు పెట్టి తూర్పున సూర్యునికి మొక్కడం ప్రవక్త చూశాడు. అది ఎంత హేయమైన దృశ్యమో దిక్కులు తెలిస్తేనే మనకు బోధపడుతుంది. నాలుగు గోడల్లో అతి పరిశుద్ధ స్థలానికి దగ్గరగా ఉన్నది పడమటిదే. దేవుని సన్నిధి, యూదులు శకీనా అనేది, పడమటి గోడను విడిచిపోలేదని రబ్బీల పాత వ్యాఖ్యానాల్లో ఉంది. ఆ వ్యాఖ్యానం మొదట మందిరపు సొంత గోడనే ఉద్దేశించి చెప్పిందని, తరువాతి తరాలు దాన్ని ఈ గోడకు అన్వయించుకున్నాయని చాలామంది పండితుల అభిప్రాయం. మాకూ అదే సబబుగా తోస్తుంది.

చరిత్ర కూడా ఈ ఎంపికలో తన పాత్ర పోషించింది. బర్ కోఖ్బా తిరుగుబాటు అణగిన తర్వాత, క్రీ.శ. 135లో హద్రియను చక్రవర్తి యూదులను యెరూషలేములో అడుగు పెట్టనివ్వలేదు. పట్టణం పేరే మార్చేశాడు. రెండు వందల ఏళ్లు గడిచాక, 333లో బోర్డో నుంచి వచ్చిన ఒక క్రైస్తవ యాత్రికుడు తాను చూసింది రాసిపెట్టాడు: యూదులు ఏడాదికొకసారి వచ్చి, మందిరమున్న చోట రంధ్రమున్న ఒక రాతికి నూనె పూసి, బట్టలు చింపుకొని రోదించి వెళ్లిపోతారట. ఆ తరం తర్వాత జెరోము, జెఫన్యా మీద తన వ్యాఖ్యానంలో, మందిరం కూలిన రోజున ఏడ్వడానికి కూడా వారు కాపలా సైనికులకు డబ్బు ఇచ్చుకోవలసి వచ్చేదని రాశాడు. బైబిలును లతీనులోకి అనువదించిన ఆ మహాపండితుడంటే మాకు గౌరవమే. కాని ఆ పుటలో కనికరం వెదికితే దొరకదు. అప్పటికి పాలన క్రైస్తవుల చేతిలో ఉంది. మందిరమున్న కొండను వారు పాడుగానే వదిలేశారు. అది పాడుపడి ఉండడమే తమ మతానికి రుజువని అనుకున్నారు. యెరూషలేమును చూసి ప్రభువు ఏడ్చాడు. ఆయన పేరు పెట్టుకున్నవారు ఆ ఏడ్చేవారి దగ్గర సుంకం వసూలు చేశారు. "మెస్సీయను కాదన్నారు గనుక ఏడుస్తున్నారు" అని మన వేదికల మీద ఈనాటికీ వినబడే మాట వేరు అక్కడుంది.

తర్వాతి వందల ఏళ్లలో యూదులు వీలైన చోటల్లా నిలబడి ప్రార్థించారు: ఒలీవల కొండ మీద, గుమ్మాల దగ్గర. ఈ గోడ ముందు చోటు స్థిరపడింది ఒట్టోమాను తురుష్కుల పాలనలో. 1537 నుంచి 1541 వరకు పట్టణపు ప్రాకారం కట్టించిన సులేమాను సుల్తాను వారికి ఆ స్థలం ఇప్పించాడని వారి సంప్రదాయం. స్థలమంటే మైదానమేమీ కాదు, సుమారు 28 మీటర్ల పొడవు, 4 మీటర్లకు లోపే వెడల్పున్న ఒక సందు. ఒక పక్క గోడ, ఇంకో పక్క మగ్రబీ పేటలోని పేదల ఇళ్లు. ఆ సందులో గోడకు తల ఆనించి ఏడ్చేవారిని చూసినవారు పెట్టినదే "ఏడ్పు గోడ" అన్న పేరు. యూదులు అలా పిలవరు. వారికది "కోటెల్", అంటే గోడ. పూర్తిగా చెబితే పడమటి గోడ. ముస్లింలకు అది బురాక్ గోడ, వారి ప్రవక్త రాత్రి ప్రయాణంలో తన వాహనాన్ని కట్టిన చోటు.

ఇరవయ్యో శతాబ్దం గురించి క్లుప్తంగానే చెబుతాం, ఆ కథ ఇంకా నెత్తురోడుతూనే ఉంది. 1928లో ప్రాయశ్చిత్త దినాన స్త్రీ పురుషుల మధ్య అడ్డంగా పెట్టిన ఒక తెర మీద రేగిన గొడవ మరుసటి ఏడు దేశమంతటా అల్లర్లయింది. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. 1948 యుద్ధంలో పాత పట్టణం జోర్డాను చేతికి వచ్చింది. పవిత్ర స్థలాలకు వెళ్లనిస్తామని 1949 ఒప్పందంలో ఉన్నా, పందొమ్మిదేళ్లు యూదులు గోడను తాకలేకపోయారు. 1967 జూన్ 7న ఇశ్రాయేలు సైనికులు అక్కడికి చేరారు. రబ్బీ ష్లోమో గోరెన్ పొట్టేలు కొమ్ము బూర ఊదాడు. నాలుగు రోజులు తిరగకముందే ఆ పక్కన ఉన్న మగ్రబీ పేటను కూల్చి మైదానం చేశారు. వందకు పైగా ఇళ్లు. ఈ రోజు మనం టోపీ పెట్టుకొని నిలబడే ఆ విశాలమైన చోటు ఎవరి గుమ్మమో, ఎవరి పొయ్యో. యూదుల సంతోషం నిజమైనదే, ఆ కుటుంబాల దుఃఖం కూడా అంతే నిజం. ఒకటి చెప్పి ఒకటి దాచడం మాకు చేతకాదు.

గోడకు మొక్కరు

బయటివారికి తేలిగ్గా కలిగే పొరపాటు ఒకటుంది. యూదులు ఆ రాళ్లకు మొక్కుతున్నారని మనలో కొందరనుకుంటారు. పది ఆజ్ఞలను మనకంటే ముందు చేతబట్టుకున్న ప్రజలు రాతికి మొక్కుతారా? వారి ప్రార్థనకు మూలం 1 రాజులు 8వ అధ్యాయం. మందిర ప్రతిష్ఠ రోజున సొలొమోను, ఆకాశాలే పట్టని దేవుణ్ణి ఈ ఇల్లెలా పడుతుందని ఆశ్చర్యపడుతూనే, ఈ చోటి తట్టు తిరిగి చేసే ప్రార్థనను ఆలకించమని వేడుకున్నాడు. కరవులో, యుద్ధంలో, చివరకు శత్రువుల దేశంలో చెరలో ఉండి చేసినా సరే. దానియేలు బబులోనులో యెరూషలేము వైపు కిటికీలు తెరచి రోజుకు ముమ్మారు మోకరించింది ఈ ప్రార్థన పట్టుకొనే. ఇప్పటికీ లోకంలో ఏ మూల ఉన్న యూదుడైనా యెరూషలేము వైపు తిరుగుతాడు. యెరూషలేములో ఉన్నవాడు మందిరమున్న కొండ వైపు. మన దేశంలో ఉన్నవారు పడమరకు తిరుగుతారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకొనే కుటుంబాలకు ఒక చిన్న సమాజమందిరం ఉంది. ఇశ్రాయేలు ప్రభుత్వం వారిని ఇంకా యూదులుగా అధికారికంగా గుర్తించలేదు, అది వేరే చర్చ. తెలుగు మాట్లాడుకునే ఆ ఇళ్లలో కూడా ప్రార్థన యెరూషలేము కోసమే.

మందిరం పోయాక ఒక మతం మతమే అంతరించాలి. బలులు లేవు, యాజకుని సేవ లేదు, పండుగలకు ఎక్కిపోవడం లేదు. అయినా నిలిచింది. యోహానాను బెన్ జక్కాయి అనే బోధకుడు యవ్నె అనే ఊళ్లో శిష్యులను కూడగట్టి, బలి జరిగిన వేళల్లో ప్రార్థనను నిలబెట్టాడు. మందిరపు శిథిలాలను చూసి ఒక శిష్యుడు మన పాపాలకు ప్రాయశ్చిత్తం ఇక ఎక్కడ అని కుమిలిపోతే, కనికరపు క్రియలు మనకింకా ఉన్నాయని అతడు ఓదార్చాడట, హోషేయ 6:6 చూపించి. మన ప్రభువు మత్తయి సువార్తలో రెండుసార్లు ఎత్తి చూపింది కూడా ఆ వచనాన్నే (9:13, 12:7). ప్రాయశ్చిత్తం విషయంలో మన దారి, వారి దారి ఆ తర్వాత వేరయ్యాయి. హెబ్రీ పత్రిక చదివిన మనకు ఆ తేడా చిన్నదని చెప్పలేం. కాని కూలిన మందిరం ముందు ఇద్దరూ తెరిచిన లేఖనం ఒక్కటే.

దినానికి మూడుసార్లు చేసే వారి ప్రధాన ప్రార్థనలో యెరూషలేము తిరిగి కట్టబడాలన్న విన్నపం ఉంది. పెళ్లిలో వరుడు గాజు గ్లాసు కాలితో పగలగొడతాడు, ఎంత సంతోషంలోనూ ఆ నష్టాన్ని మరవకుండా. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు గుమ్మానికి ఎదురుగా మూరెడు చదరం గోడను పూత పూయకుండా వదలాలని తాల్మూదు చెబుతుంది. గృహప్రతిష్ఠకు వెళ్లిన మనకు అది మేస్త్రీ మరచిన పనిలాగా కనబడుతుంది.

ఆబు నెల తొమ్మిదవ దినం వారికి అన్నిటికన్నా బరువైన రోజు. రెండు మందిరాలూ ఆ తేదీనే పోయాయని వారి సంప్రదాయం. 2 రాజులు 25:8 ఏడవ దినమనీ, యిర్మీయా 52:12 పదవ దినమనీ అంటున్నాయి గదా అంటే, శత్రువు ఏడున చొరబడ్డాడు, తొమ్మిది సాయంత్రం నిప్పు పెట్టాడు, పదివరకూ కాలింది అని రబ్బీలు లెక్క చెబుతారు. ఆ రాత్రి గోడ ముందు వేలమంది చెప్పులు విడిచి నేలమీద కూర్చొని విలాపవాక్యములు చదువుతారు. ఇరవై నాలుగు గంటలకు పైగా అన్నం, నీళ్లు ముట్టరు.

అయితే మిగతా రోజుల్లో అక్కడ ఏడ్పు తక్కువే. సోమవారం, గురువారం తోరా చదివే రోజులు గనుక పదమూడేళ్ల పిల్లవాళ్లను డప్పులతో, పాటలతో తీసుకొస్తారు. అమ్మలు, నాయనమ్మలు అడ్డుతెర అవతల కుర్చీలెక్కి మిఠాయిలు విసురుతారు. పస్కాలో, పర్ణశాలల పండుగలో యాజక వంశస్థులు వందల సంఖ్యలో తలమీద శాలువా కప్పుకొని, సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని ఆశీర్వాదాన్ని ఒక్క గొంతుతో పలుకుతారు. మన సంఘాల్లో ప్రతి ఆదివారం చివర వినే ఆశీర్వాదమే అది.

అక్కడ పేచీలూ లేకపోలేదు. స్త్రీలు శాలువా కప్పుకొని బిగ్గరగా తోరా చదవవచ్చా అన్న తగవు 1988 నుంచి నడుస్తోంది. స్త్రీ పురుషులు కలిసి ప్రార్థించే చోటు ఒకటి ఏర్పరచాలని 2016లో ప్రభుత్వం ఒప్పుకొని, 2017లో వెనక్కి తగ్గింది. ఒక గోడ దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడం వారికే అంత కష్టంగా ఉంది.

పైకి ఎందుకు వెళ్లరు?

కొండ పైనే మందిరం ఉన్నప్పుడు కింద గోడ దగ్గరే ఆగిపోవడం ఎందుకని అడిగినవారున్నారు. పైకి వెళ్లే దారిలో ప్రధాన రబ్బీల కార్యాలయం పెట్టించిన బోర్డు ఉంటుంది, తోరా ప్రకారం ప్రవేశం నిషిద్ధమని. అతి పరిశుద్ధ స్థలం సరిగ్గా ఎక్కడుండేదో నిర్ధారణగా తెలియదు, తెలియక తొక్కితే? పైగా శవం తాకిన అపవిత్రత పోవాలంటే సంఖ్యాకాండము 19లోని ఎర్రని పెయ్య బూడిద కావాలి, అది లేదు. ఈ నిషేధాన్ని ఒప్పుకోక పైకి వెళ్లేవారూ ఉన్నారు, వారి సంఖ్య పెరుగుతోంది కూడా. 2022లో టెక్సాసు నుంచి ఐదు ఎర్ర పెయ్యలను ఇశ్రాయేలుకు తెచ్చినప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో మూడవ మందిరం రేపో మాపో అన్నట్టు వీడియోలు తిరుగుతున్నాయి. మా మనవి ఒక్కటే. ఆ కొండ మీద ఒక రాయి కదిలితే ఎంతమంది ప్రాణాలు పోతాయో ఆలోచించకుండా దాన్ని సంబరంగా పంచుకోకండి.

మనకు మాత్రం ఆ కొండ మీది మరో గోడ ముఖ్యం. మందిరపు ఆవరణంలో అన్యజనులు దాటకూడని రాతి కంచె ఒకటి ఉండేది. దాటినవాని చావుకు వాడే బాధ్యుడని గ్రీకులో హెచ్చరిక చెక్కి ఉండేది. ఆ పలకల్లో ఒకటి 1871లో చెక్కుచెదరకుండా దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఎఫెసీయుడైన త్రోఫిమును పౌలు ఆ కంచె దాటించాడన్న అపవాదు మీదనే అపొస్తలుల కార్యములు 21లో జనం అతన్ని పట్టుకొని కొట్టారు. క్రీస్తు మధ్యగోడను పడగొట్టాడని ఎఫెసీ సంఘానికి పౌలు రాస్తే, దాన్ని చదివినవారికి ఆ కంచె గుర్తుకు రాకుండా ఉంటుందా? మన ఊళ్లలో ఒకే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చే రెండు పేటలకు రెండు శ్మశానాలున్నాయి. యూదుల గోడ మీద ప్రసంగం చేసేముందు దాన్ని కూడా కొలిచి చూడాలి.

చీటీలు

చీటీల సంగతి చివరికి మిగిలింది. రాళ్ల సందుల్లో పెట్టిన కాగితాలను ఏడాదికి రెండుసార్లు, పస్కాకు ముందు, కొత్త సంవత్సరానికి ముందు, కర్రలతో తీసి సంచుల్లో కట్టి ఒలీవల కొండ మీద పాతిపెడతారు. ఎవరూ విప్పి చదవరు. దేవుని పేరు రాసిన కాగితాన్ని పారేయకూడదు, కాల్చకూడదన్నది వారి నియమం. 2000 మార్చి 26న పోపు రెండవ జాన్ పాల్ అక్కడ పెట్టిన కాగితంలో, యూదులను బాధపెట్టినందుకు దేవుణ్ణి క్షమాపణ అడిగాడు. దాన్ని మాత్రం పాతిపెట్టకుండా యాద్ వషేములో భద్రపరచారు.

మేము మొదటిసారి వెళ్లేటప్పుడు మా సంఘంలో ఒక పెద్దామె నాలుగు మడతలు పెట్టిన చీటీ చేతిలో పెట్టింది. గల్ఫుకు వెళ్లిన కొడుకు ఫోను చేసి రెండేళ్లు. సెమినరీలో చదువుకున్న మా నోటికి యోహాను 4వ అధ్యాయం వెంటనే వచ్చింది: ఈ కొండా కాదు, యెరూషలేమూ కాదు, ఆత్మతోనూ సత్యంతోనూ అని. చెప్పబోయి ఆమె చెయ్యి వణకడం చూసి ఊరుకున్నాం. ఆమెకు వాక్యం తెలియక కాదు. నలభై ఏళ్లుగా తెల్లవారుజామున లేచి ప్రార్థించే మనిషి. ఆ చోట దేవుడు ఎక్కువ వింటాడని మేము నమ్మం. సొలొమోను ఆ మందిరంలో పరదేశి కోసం కూడా ప్రార్థించాడని (1 రాజులు 8:41-43) మాత్రం నమ్ముతాం. చీటీ పెట్టాం. తిరిగి వచ్చాక, "పెట్టారా అయ్యగారూ?" అంది. పెట్టామమ్మా అన్నాం. "మరి ఆ యూదులు ఏం అడుగుతున్నారు దేవుణ్ణి?" యాత్ర ముగించుకొని వచ్చిన ఇన్నేళ్లలో మమ్మల్ని ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. మాకు తెలిసింది చెప్పాం: పిల్లల కోసం, జబ్బుల కోసం, కూలిపోయిన దానికోసం.

ఈ ఏడాది వెళ్లబోయేవారికి నాలుగు మాటలు. మగవారు తల కప్పుకోవాలి, లేనివారికి అక్కడే టోపీ ఇస్తారు. స్త్రీలకు కుడివైపు వేరే స్థలం ఉంది. భుజాలు, మోకాళ్లు కనబడని బట్టలు వేసుకోండి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం వరకు ఫోటోలు తీయకండి, ఫోను బయటకు తీయకండి, చీటీ కూడా అక్కడ కూర్చొని రాయకండి. గొంతెత్తి సువార్త పాటలు పాడే బృందాలను మేము చూశాం, దయచేసి వద్దు. ప్రార్థన ముగించినవారు చాలామంది వెంటనే వీపు తిప్పరు. గోడ వైపే చూస్తూ కొన్ని అడుగులు వెనక్కి నడిచి, ఆ తర్వాతే తిరుగుతారు. మీ వెనుక అలా వచ్చేవారికి కాస్త దారి ఇవ్వండి.